పసుపు లైటు పడిన ఆ మూడు సెకన్లు

రెండు కార్లు ఒకే వరుసలో, ఒకదాని వెనక ఒకటి, గంటకు 60 కిలోమీటర్ల స్పీడులో కూడలి వైపు వస్తున్నాయనుకుందాం. ముందు కారు స్టాప్ లైనుకు 55 మీటర్ల దూరంలో ఉండగా ఎల్లో పడింది. ముందు డ్రైవరు ఆపేద్దామని బ్రేకు తొక్కాడు. వెనక డ్రైవరు మాత్రం ముందున్న కారు ఎలాగూ దాటేస్తుంది, దాని వెంటే తానూ దాటేయొచ్చు అనుకుని యాక్సిలరేటరు మీద కాలు బిగించాడు. రెండు సెకన్లు తిరిగేసరికి వెనక కారు ముందు కారును గుద్దింది. ఇద్దరిలో ఎవరూ తాగి లేరు, ఎవరూ ఫోను చూడటం లేదు, ఎవరూ వేగపరిమితి దాటలేదు. విడివిడిగా చూస్తే ఇద్దరి లెక్కా సబబుగానే ఉంది. ఒకే లైటుకు ఇద్దరూ రెండు అర్థాలు చెప్పుకున్నారు, అంతే.

సిగ్నల్ దగ్గర ప్రమాదాల గురించి మాట్లాడేటప్పుడు చర్చంతా తొందర, నిర్లక్ష్యం, జరిమానాల చుట్టూ తిరుగుతుంది. ఎర్ర లైటు పడి నాలుగైదు సెకన్లు గడిచాక కూడలిలోకి దూసుకొచ్చేవాడికి ఆ మాటలు సరిగ్గా సరిపోతాయి. అయితే రెడ్ జంప్ చేసిన సందర్భాల్లో అత్యధికం రెడ్ పడిన మొదటి సెకను లోపే జరుగుతాయి. ఆ డ్రైవర్లలో చాలామంది ఎర్ర లైటును ధిక్కరించాలని బయలుదేరినవాళ్లు కారు. పసుపు పడినప్పుడు వేసుకున్న అంచనా వెంట్రుకవాసిలో తప్పి రెడ్‌లో చిక్కుకున్నవాళ్లు. కాబట్టి అసలు చూడాల్సింది ఎర్ర లైటుకు ముందున్న ఆ మూడు నాలుగు సెకన్లలో డ్రైవరు బుర్రలో, కాలిలో, రోడ్డు మీద ఏం జరుగుతుందన్నది.

ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఆజ్ఞలు. పసుపు ఒక ప్రశ్న వేస్తుంది: ఉన్న దూరంలో క్షేమంగా ఆగగలవా? తెలుగులో ‘పచ్చ’ అన్న మాట ఆకుపచ్చకూ చెల్లుతుంది, పసుపుపచ్చకూ చెల్లుతుంది. రోడ్డు మీద కూడా పసుపును ఆకుపచ్చకు కొనసాగింపుగా చూసే డ్రైవర్లు చాలామంది. దాన్ని ఎరుపుకు ముందుమాటగా చూసేవాళ్లూ ఉన్నారు. చట్టాలు సైతం ఈ రెండు చూపుల మధ్యే నడుస్తాయి. 1968లో వియన్నాలో కుదిరిన రోడ్డు గుర్తులు, సిగ్నళ్ల ఒప్పందం ప్రకారం పసుపు పడ్డాక స్టాప్ లైను దాటకూడదు. క్షేమంగా ఆపలేనంత దగ్గరికి వచ్చేసిన వాహనానికి మాత్రం మినహాయింపు. అమెరికాలో చాలా రాష్ట్రాల నిబంధన ఇంతకంటే సడలింపుగా ఉంటుంది: పసుపు ఉన్నంతసేపు కూడలిలోకి ప్రవేశించవచ్చు. ఏ నిబంధన తీసుకున్నా ‘క్షేమంగా ఆగడం’ ఎంత దూరంలో సాధ్యమో తేల్చుకునే బాధ్యత డ్రైవరుదే. ఆ తేల్చుకోవడానికి అతనికి దొరికే వ్యవధి సుమారు ఒక సెకను.

మొదట్లో ఈ ప్రశ్నే లేదు. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పెట్టిన విద్యుత్ సిగ్నల్‌లో ఎరుపు, ఆకుపచ్చ రెండే ఉండేవి. రంగు మారబోతోందని చెప్పడానికి ఒక బజర్ మోగేది. 1920లో డెట్రాయిట్‌లో పోలీసు అధికారి విలియం పాట్స్ మధ్యలో మూడో రంగును చేర్చాడు. 1923లో గారెట్ మోర్గన్ అనే ఆవిష్కర్త మూడు స్థితులున్న సిగ్నల్‌కు పేటెంట్ పొందాడు. అందులో మూడో స్థితి అన్నివైపుల వాహనాలనూ కాసేపు ఆపి కూడలి ఖాళీ అయ్యేలా చూసేది. ‘పరుగెత్తే బండి ఉన్నపళాన ఆగదు’ అన్న ఇంగితాన్ని యంత్రంలోకి ఎక్కించే ప్రయత్నాలవి. ఎంతసేపు ముందుగా హెచ్చరించాలన్నది మాత్రం చాలాకాలం అలవాటు మీదే నడిచింది.

దాన్ని లెక్కలోకి దించింది 1960లో డెనోస్ గేజిస్, రాబర్ట్ హెర్మన్, అలెక్సీ మరదుదిన్. జనరల్ మోటార్స్ పరిశోధనశాల నుంచి వచ్చిన వాళ్ల పత్రం వేసిన ప్రశ్న చిన్నది: పసుపు పడిన క్షణంలో ఆగడానికీ, దాటడానికీ రెండింటికీ వీలుకాని చోట డ్రైవరు ఉంటే ఏం చేయాలి? ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్న మాట రోడ్డు మీద కొన్ని మీటర్ల పొడవున అక్షరాలా నిజమయ్యే చోటు అది. ట్రాఫిక్ ఇంజనీర్లు దాన్నే డైలమా జోన్ అంటారు.

లెక్క చేసి చూస్తే ఈ జోన్ ఎలా పుడుతుందో తెలిసిపోతుంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. లైటు మారడం చూసి, ఆపాలని నిర్ణయించుకుని, కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికి 1 సెకను గడుస్తుందనుకుంటే అప్పటికే 16.7 మీటర్లు పోయాయి. ఆ తర్వాత లోపలివాళ్లు ముందుకు పడిపోకుండా, వెనకవాళ్లు బెదిరిపోకుండా బ్రేకు వేస్తే వేగం సెకనుకు సుమారు 11 కిలోమీటర్ల చొప్పున తగ్గుతుంది. ఇంజనీర్లు సాధారణంగా లెక్కకు తీసుకునే రేటు ఇంచుమించు ఇదే: ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 3 మీటర్ల చొప్పున తగ్గడం. ఆ లెక్కన బండి పూర్తిగా ఆగడానికి మరో 46 మీటర్లు కావాలి. మొత్తం 63 మీటర్లు. ఇప్పుడు పసుపు 3 సెకన్లే ఉందనుకుందాం. అదే వేగంతో పోతే ఆ మూడు సెకన్లలో బండి 50 మీటర్లు వెళ్తుంది. లైనుకు 50 మీటర్ల లోపు ఉన్నవాడు దాటేస్తాడు. 63 మీటర్ల అవతల ఉన్నవాడు హాయిగా ఆగుతాడు. మధ్యలో 13 మీటర్ల మేర ఉన్నవాడి గతి ఏమిటి? పోతే రెడ్‌లో పడతాడు, ఆగాలంటే బ్రేకు గట్టిగా తొక్కాలి.

మొదట చెప్పుకున్న కారు 55 మీటర్ల దగ్గర ఉంది. సరిగ్గా ఈ మధ్య మేరలో. ఆ డ్రైవరు ఆపలేడని కాదు. పొడి రోడ్డు మీద, మంచి టైర్లుంటే ఇంకాస్త గట్టిగా తొక్కి ఆపగలడు. ఆ గట్టి బ్రేకు వెనకవాడు ఊహించనిది, అదీ చిక్కు. పసుపు వ్యవధి 3.8 సెకన్లు ఉండి ఉంటే ఈ మేర మొత్తం మాయమయ్యేది. 0.8 సెకను. ఇద్దరు మంచి డ్రైవర్లలో ఒకరిని తప్పుచేసినవాడిగా మార్చేది అంత చిన్న తేడా. ఈ విషయంలో నింద ఎక్కడికి వెళ్లాలో తెలియాలంటే ముందు గడియారం చూడాలి, తర్వాతే డ్రైవరును చూడాలి.

వేగం పెరిగితే కావలసిన పసుపు కూడా పెరుగుతుంది. ఇదే లెక్కలో గంటకు 40 కిలోమీటర్లకు 2.9 సెకన్లు చాలు, 80 కిలోమీటర్లకు 4.7 కావాలి. రోడ్డు పల్లంలోకి దిగుతుంటే బండి బరువే బ్రేకుకు ఎదురు లాగుతుంది. 4 శాతం వాలులో 60 కిలోమీటర్ల వేగానికి 4.2 సెకన్లు అవసరమవుతాయి. జర్మనీ నిబంధనలు దీన్ని సూటిగా పాటిస్తాయి: 50 కిలోమీటర్ల పరిమితి ఉన్న రోడ్డుకు 3 సెకన్లు, 60కి 4, 70కి 5. బ్రిటన్‌లో మాత్రం ఎక్కడైనా 3 సెకన్లే. దాని లాభం డ్రైవరుకు ఆ వ్యవధి ఒంటబట్టడం. అమెరికా మార్గదర్శకాలు 3 నుంచి 6 సెకన్ల మధ్య ఉంచమంటాయి.

ఇంతవరకూ చెప్పుకున్నది బండి సంగతి. మనిషి సంగతి ఇంకా చిక్కు. పసుపును లెక్క ప్రకారం పెంచి డైలమా జోన్‌ను పూర్తిగా చెరిపేసినా ఇంకో గుంజాటన మిగులుతుంది. ఆగినా తప్పులేదు, పోయినా తప్పులేదు అన్న చోట మనుషులు ఏకాభిప్రాయానికి రారు. లైనును చేరడానికి 5.5 సెకన్ల కంటే ఎక్కువ దూరంలో ఉన్న డ్రైవర్లలో పదిమందికి తొమ్మిదిమంది ఆగుతారు. 2.5 సెకన్ల కంటే దగ్గర ఉంటే పదిమందికి తొమ్మిదిమంది దాటేస్తారు. ఈ రెండింటి మధ్య ఉన్నప్పుడు ఎవరు ఏం చేస్తారో చెప్పలేం. 60 కిలోమీటర్ల వేగంలో ఈ అనిశ్చిత మేర లైనుకు 42 మీటర్ల నుంచి 92 మీటర్ల వరకు, అంటే ఏకంగా 50 మీటర్ల పొడవు. అందులో రెండు మూడు బండ్లు ఒకదాని వెనక ఒకటి సులువుగా పడతాయి. పైన చెప్పిన 13 మీటర్లు సిగ్నల్ చేసిన తప్పు; ఈ 50 మీటర్లు మనిషి స్వభావం. మొదటిదాన్ని సరిచేయొచ్చు. రెండోదానితో సర్దుకుపోవాలి.

ఈ మేరలో డ్రైవరు ఏ ఆధారాల మీద తేల్చుకుంటాడు? మీటర్లు కొలిచే తీరిక ఉండదు. లైను ఎంతసేపట్లో వస్తుందన్న స్పృహ ఒకటి పనిచేస్తుంది. తర్వాత చుట్టూ ఉన్న బండ్లు. పక్క వరుసలో బండి దూసుకుపోతుంటే పోవాలనిపిస్తుంది, అది నెమ్మదిస్తే ఆగాలనిపిస్తుంది. అద్దంలో వెనక లారీ మీదికొచ్చేస్తున్నట్టు కనిపిస్తే ఆగడానికి మనసు రాదు. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. వరుసగా వస్తున్న బండ్ల గుంపు మధ్యలో ఉన్నవాడు ఒంటరిగా వస్తున్నవాడి కంటే ఎక్కువగా గుంపుతోపాటే దాటేస్తాడు. ఆ కూడలిలో ఒకసారి రెడ్ పడితే రెండు నిమిషాలు ఆగాలని తెలిసినవాడికి పసుపు మరీ ఊరిస్తుంది. లారీలు, బస్సులు నడిపేవాళ్లు ఆగడానికి వెనకాడతారు. బరువున్న బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, మళ్లీ గేర్లు మార్చుకుంటూ వేగం అందుకోవడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది, నిలబడిన ప్రయాణికులూ సరుకూ కుదుపుకు గురవుతారు. టూవీలరు నడిపేవాడి భయం వేరు: తడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా పడితే చక్రం జారుతుంది.

లెక్కలో తీసుకున్న 1 సెకను కూడా అందరిదీ కాదు. సిగ్నల్ మారొచ్చని ముందే కాచుకుని ఉన్న డ్రైవరు ఒక సెకనులోపే బ్రేకు అందుకుంటాడు. ఏ హెచ్చరికా ఊహించని స్థితిలో మనిషికి రెండు సెకన్లు దాటడం మామూలే. రోడ్ల డిజైన్‌లో ఎదుట అడ్డం కనిపించి ఆగే దూరానికి 2.5 సెకన్లు లెక్క వేసేది అందుకే. వయసు పైబడినవాళ్లకు, ఫోనులో మాట్లాడుతున్నవాళ్లకు ఈ వ్యవధి సాగుతుంది. సాయంత్రపు ఎండ లైటు మీద ఎదురుగా పడుతున్నప్పుడు అసలు ఏ లైటు వెలిగిందో తేల్చుకోవడానికే క్షణాలు పోతాయి. లైట్ల వెనక నల్లటి పలక పెట్టడం వెనకున్న ఉద్దేశం ఆ క్షణాలను కాపాడటమే. రంగులు స్పష్టంగా గుర్తించలేని వాళ్లు లైటు పైన ఉందా, మధ్యలో ఉందా, కింద ఉందా అన్న స్థానాన్ని బట్టే నడుపుతారు. చీకట్లో పెట్టె ఆకారం కనిపించకపోతే వాళ్లకు ఆ ఆధారం కూడా పోతుంది.

పసుపు వ్యవధిని కాస్త పెంచితే ఏమవుతుంది? ఇక్కడ ఒక అనుమానం ఎప్పుడూ వస్తుంది: డ్రైవర్లు ఆ అదనపు సమయానికి అలవాటుపడి దాన్నీ ఆకుపచ్చలో కలిపేసుకుంటారు, లాభం ఆవిరవుతుంది అని. అనుమానం సహజమే, అనుభవం మాత్రం దాన్ని పెద్దగా బలపరచలేదు. ఫిలడెల్ఫియాలో కొన్ని కూడళ్లలో పసుపును సుమారు ఒక సెకను పెంచినప్పుడు రెడ్ జంప్ చేయడం 36 శాతం తగ్గిందని 2008లో వెలువడిన అధ్యయనం చూపింది. ఆ తర్వాత అక్కడే కెమెరాలు పెట్టినప్పుడు మిగిలిన ఉల్లంఘనల్లో 96 శాతం తగ్గాయి. రెండు అంకెలనూ కలిపి చదవాలి. మొదటిది అంచనా తప్పినవాళ్ల వాటా ఎంతో చెబుతుంది. రెండోది దొరకనన్న ధీమాతో పోయేవాళ్ల వాటా చెబుతుంది. మొదటి గుంపును చలానాతో మార్చాలనుకోవడం, రెండో గుంపును అదనపు సెకనుతో మార్చాలనుకోవడం రెండూ వృథాయే.

వరస కూడా ముఖ్యం. వ్యవధి సరిచేయకుండా కెమెరా పెడితే ఆ కెమెరా గడియారం చేసిన తప్పుకు మనుషుల దగ్గర డబ్బు వసూలు చేస్తుంది. 2014లో చికాగోలో చలానా వేయడానికి కావలసిన కనీస పసుపు వ్యవధి 3 సెకన్ల నుంచి 2.9కి జారినప్పుడు సుమారు 77,000 అదనపు చలానాలు పడ్డాయని నగరపాలనను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ తేల్చారు. కంటికి ఆనని పదో వంతు సెకను అది. కెమెరాల వల్ల ప్రమాదాల తీరు మారడం కూడా తెలిసిన సంగతే. అమెరికా ఫెడరల్ హైవే విభాగం 2005లో ప్రచురించిన అధ్యయనంలో పక్కనుంచి అడ్డంగా ఢీకొట్టే ప్రమాదాలు దాదాపు 25 శాతం తగ్గాయి, వెనక నుంచి గుద్దేవి 15 శాతం పెరిగాయి. అడ్డంగా ఢీకొట్టడంలో బండి నలిగేది మనిషి కూర్చున్న వైపు, కాబట్టి ఈ మార్పు మొత్తం మీద మంచికే. అయినా ఆ 15 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? జరిమానా భయంతో ముందువాడు హఠాత్తుగా ఆగితే, ఆ భయం లేని వెనకవాడు ఆగలేదు.

పసుపుకు కూడా ముందు ఇంకో హెచ్చరిక పెడితే బాగుంటుందన్న ఆలోచన చాలా దేశాల్లో అమలైంది. ఆస్ట్రియా, ఇజ్రాయెల్ వంటి చోట్ల ఆకుపచ్చ చివర్లో కొన్ని సెకన్లు మిణుకుమిణుకుమంటుంది. ఎన్నో నగరాల్లో సెకన్లు లెక్కపెట్టే టైమర్లు వచ్చాయి. వేగంగా నడిచే రోడ్ల మీద సిగ్నల్‌కు బాగా ముందే ‘ఆగడానికి సిద్ధం కండి’ అని వెలిగే బోర్డులుంటాయి. సమాచారం ఎంత ముందుగా ఇస్తే అంత మేలని తోస్తుంది. కానీ ఇక్కడే జాగ్రత్త కావాలి. మిణుకుమనే ఆకుపచ్చ ఉన్నచోట కొందరు చాలా ముందే, పోవడానికి కావలసినంత సమయం ఉండగానే ఆపేస్తారు. కొందరు అదే మిణుకును చూసి స్పీడు పెంచుతారు. అనిశ్చిత మేర కుదించుకుపోవాల్సింది పోయి ఇంకా సాగుతుంది, వెనక నుంచి గుద్దే ప్రమాదానికి మరింత చోటిస్తుంది. ఇజ్రాయెల్‌లో చేసిన పరిశీలనలు తేల్చింది ఇదే. టైమరులో అంకెలు 4, 3, 2 అని తగ్గుతుంటే పరుగుపందెం మొదలవుతుంది. అడ్డరోడ్డులో రెడ్ టైమరు 1కి రాగానే సున్నా కోసం ఆగకుండా కదిలేవాళ్లూ ఉంటారు. ఇటు చివరి క్షణంలో దూరినవాడూ, అటు ముందే కదిలినవాడూ కూడలి మధ్యలో ఎదురుపడతారు.

హెచ్చరికలో సమాచారం ఎంత ఉందన్నదాని కంటే అది డ్రైవర్లందరినీ ఒకే నిర్ణయం వైపు నడుపుతోందా లేదా అన్నదే దాని విలువ. ఆ లెక్కన చూస్తే అన్నిటికంటే మేలైన ఉపాయం డ్రైవరును అసలు ఆ ప్రశ్న అడగకపోవడం. స్వీడన్‌లో రూపొందిన లోవ్రా పద్ధతి ఈ దారి పట్టింది. కూడలికి ముందు రోడ్డులో అమర్చిన సెన్సర్లు బండ్లు ఎక్కడున్నాయో గమనిస్తుంటాయి; అనిశ్చిత మేరలో బండి ఉంటే ఆకుపచ్చను కొద్దిసేపు పట్టి ఉంచి, ఆ మేర ఖాళీ అయ్యాక పసుపు వేస్తాయి. రద్దీ మరీ ఎక్కువైతే ఆ మేర ఎప్పటికీ ఖాళీ కాదు, ఏదో ఒక క్షణాన పసుపు పడక తప్పదు. అయినా వేగం ఎక్కువగా, రద్దీ ఓ మోస్తరుగా ఉండే రోడ్లకు ఇంతకంటే తెలివైన మార్గం కనిపించదు.

పసుపు తర్వాత అన్నివైపులా ఒక్కసారి రెడ్ ఉంచే సెకను, సెకనున్నర కూడా ఇలాంటిదే. చివరి క్షణంలో ప్రవేశించిన 5 మీటర్ల కారు 20 మీటర్ల కూడలిని 60 కిలోమీటర్ల వేగంతో పూర్తిగా దాటడానికి 1.5 సెకన్లు తీసుకుంటుంది. ఆ వ్యవధి ఇవ్వకపోతే ఒకరి చిన్న పొరపాటు మరొకరి ప్రాణం మీదికి వస్తుంది. మలుపు తిరిగే బండి సంగతి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1960 నాటి సూత్రం బండి వేగం తగ్గించకుండా సూటిగా దాటుతుందని భావించింది. తిరిగేవాడు లైనుకు ముందే నెమ్మదించాలి, కాబట్టి అతనికి ఎక్కువ సమయం కావాలి. కెమెరా చలానా ఒకటి ఇంటికొచ్చాక ఒరెగాన్‌లో ఒక ఇంజనీరు ఈ లోపాన్ని లెక్కకట్టి చూపించి, ఏళ్లపాటు వాదించాడు. 2020లో ట్రాఫిక్ ఇంజనీర్ల సంస్థ ఐటీఈ తన మార్గదర్శకాల్లో మలుపు తిరిగే బండ్లకు సవరించిన లెక్కను చేర్చింది.

డ్రైవరు చేతిలో ఉన్నది తక్కువే, అయినా పనికొచ్చేదే. ఆకుపచ్చ ఎప్పటినుంచో వెలుగుతూ ఉంటే అది పాతబడిన ఆకుపచ్చ అనుకోవాలి. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి బ్రేకు దగ్గర ఉంచితే ఆ ఒక్క సెకనులో కొంత మిగులుతుంది. ఒక్కసారి అద్దంలో చూస్తే వెనక ఎవరున్నారో ముందే తెలుస్తుంది. స్తంభమో, చెట్టో గుర్తుపెట్టుకుని దాన్ని దాటాక పసుపు పడితే పోవాలి, దాటకముందు పడితే ఆగాలి అని మనసులో గీత గీసుకునే డ్రైవర్లుంటారు. 60 కిలోమీటర్ల వేగానికి ఆ గీత లైనుకు ఇంచుమించు 60 మీటర్ల దగ్గర ఉండాలి, వానలో ఇంకా వెనక్కి. అన్నిటికంటే ప్రమాదకరం నిర్ణయాన్ని సగంలో మార్చుకోవడం. ఆగుదామని బ్రేకు తొక్కి, మళ్లీ పోదామని స్పీడు పెంచినవాడు లైనును చేరేది అందరికంటే ఆలస్యంగా, అది కూడా ఎవరూ ఊహించని వేగంతో.

అడ్డరోడ్డులో రెడ్ దగ్గర నిలబడ్డవాడికీ ఇందులో భాగముంది. చాలా దేశాల్లో ఆకుపచ్చకు ముందు ఎరుపూ పసుపూ కలిసి వెలుగుతాయి, గేరు వేసుకుని సిద్ధం కావడానికి. వియన్నా ఒప్పందం ప్రకారం అప్పుడు కూడా కదలకూడదు. ఆకుపచ్చ పడ్డాక సైతం రెండువైపులా ఒక్క చూపు చూసి కదిలేవాడికి, పక్కనుంచి, 55 మీటర్ల దగ్గర పసుపు చూసి పోదామని నిర్ణయించుకుని అప్పుడే కూడలి మధ్యకు చేరిన ఇంకో కారు కనిపిస్తుంది.